పని చేస్తూ నేర్చుకొనే యువజన కార్యకర్త

పదిహేను రోజుల ప్రారంభ శిక్షణ ముగించుకొని ఒక యువకుడు తన బ్లాకులోని ఒక గ్రామానికి యువజన కార్యకర్తగా వెళ్లినాడనుకుందాం. చేతిసంచిలో ఒక రిజిస్టరు, కొన్ని కరపత్రాలు ఉన్నవి. సాయంత్రం ఆరు గంటలకు రామాలయం అరుగు మీద యువజన సమావేశం జరుగునని ఊరిలో చెప్పించినాడు. వచ్చినవారు పదకొండు మంది. అందరూ మగపిల్లలు, దాదాపు అందరూ ఒకే వీధివారు. శిక్షణలో నేర్చుకొన్న విషయాలను అతడు అరగంటసేపు ఉత్సాహంగా వివరించినాడు. వారు మర్యాదగానే విన్నారు. చివరకు ఒక కుర్రవాడు లేచి, "క్రికెట్ కిట్టు ఎప్పుడిస్తారండీ?" అని అడిగినాడు. సమావేశం అంతటితో ముగిసినది.

ఇట్టి అనుభవం ఏ ఒక్క గ్రామానిదో కాదు. ఈ పనిలో కొంతకాలం ఉన్నవారెవరైనా దీనిని గుర్తుపట్టగలరు. ఆ అరగంటలో కార్యకర్త నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది. ఆలయం అరుగు మీదికి ఎక్కడానికి జంకేవారు ఆ ఊరిలో ఉన్నారు. ఆరు గంటలకు ఇల్లు దాటి బయటకు రాలేని ఆడపిల్లలు ఉన్నారు. కూలిపని నుండి ఏడు దాటితే గాని తిరిగిరాని యువకులు ఉన్నారు. సమావేశ స్థలం, వేళ నిర్ణయించిన క్షణంలోనే ఎవరు రావాలో, ఎవరు రాకూడదో కార్యకర్త తనకు తెలియకుండానే నిర్ణయించినాడు. మరునాటి ఉదయం అనుభవజ్ఞుడైన ఒక వ్యక్తి అతనితో కూర్చుండి, "రానివారెవరు? వారెందుకు రాలేదు?" అని అడిగినచో ఆ సాయంత్రం పాఠంగా మారుతుంది. అడిగేవారు లేకపోయినచో "ఈ ఊరి యువకులకు చైతన్యం లేదు" అన్న ఒక్క వాక్యంతో నెలవారీ నివేదిక పూర్తవుతుంది. పని దానంతటదే నేర్పుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉన్నది. అది సగమే నిజం.

యువజన కార్యకర్త ఉపాధ్యాయుడు కాడు, అధికారి కాడు, నాయకుడు కూడా కాడు. బడికి పిల్లలు రావలసి ఉండుట చేత వస్తారు. కార్యాలయానికి ప్రజలు అవసరం కొద్దీ వస్తారు. యువజన సంఘానికి మాత్రం ఎవరూ రావలసిన నిర్బంధం లేదు. నచ్చకపోయినచో రేపు మానివేయవచ్చును. ఈ స్వేచ్ఛా సంబంధమే ఆ వృత్తికి పునాది, దానిలోని కష్టమంతా కూడా అదే. 2003 నాటి జాతీయ యువజన విధానం 13 నుండి 35 సంవత్సరాల వయస్సు వారిని యువజనులుగా లెక్కించినది. 2014 నాటి విధానం దానిని 15 నుండి 29 సంవత్సరాలకు కుదించినది. అనగా చట్టం దృష్టిలో ఇంకను బాలలైనవారు, ఇద్దరు బిడ్డల తల్లిదండ్రులైనవారు ఒకే చాప మీద కూర్చుండే సంఘం అది. అక్కడ ఎవరితో ఎట్లు మాట్లాడవలెనో ఏ పాఠ్యగ్రంథమూ పూర్తిగా చెప్పజాలదు.

సురుల్ నుండి ఎటావా వరకు

ఊరిలో పని చేస్తూ పనివానిగా తయారుకావడం మన దేశంలో కొత్త ఆలోచన కాదు. 1922లో రవీంద్రనాథ్ ఠాగూరు శాంతినికేతనానికి చేరువనున్న సురుల్ గ్రామంలో గ్రామ పునర్నిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పి, దాని బాధ్యతను లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఆంగ్ల యువకునికి అప్పగించినాడు. తరువాత శ్రీనికేతనంగా ప్రసిద్ధి పొందిన సంస్థ ఇదే. అచ్చట చేరిన విద్యార్థులు మొదట పుస్తకాలు తెరువలేదు. కూరగాయల మళ్లు వేయడం, తమ పారిశుధ్యం తామే చూసుకోవడం వంటి పనులతో ప్రారంభించినారు. పరిసర గ్రామాల బాలురతో వ్రతీ బాలక దళాలు ఏర్పడినవి. మలేరియా నివారణకు గుంటలు పూడ్చడం, నిప్పంటుకొన్న ఇళ్లను ఆర్పడం వంటివి ఆ దళాల పనులు. మన దేశంలో గ్రామీణ యువజన సేవకు తొలి రూపాలలో దీనినొకటిగా చెప్పుకొనవచ్చును.

స్వాతంత్ర్యానంతరం మరింత విస్తృతమైన ప్రయత్నం ఉత్తరప్రదేశ్‌లోని ఎటావా జిల్లాలో 1948లో ప్రారంభమైనది. దాని రూపశిల్పి ఆల్బర్ట్ మేయర్ అమెరికా దేశపు వాస్తుశిల్పి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక ఇంజనీరుగా మన దేశానికి వచ్చి, జవహర్‌లాల్ నెహ్రూతో పరిచయం పొందినవాడు. వ్యవసాయానికొకరు, పశువైద్యానికొకరు, ఆరోగ్యానికొకరు విడివిడిగా రావడానికి బదులు, కొద్ది గ్రామాలకు అన్ని విషయాలలోను తోడ్పడే ఒక్క బహుముఖ కార్యకర్త ఉండవలెనన్నది అక్కడి ఏర్పాటు.

అయితే మేయర్ ఎక్కువగా పట్టించుకొన్నది మరొక విషయం. కార్యకర్తల సమావేశంలో అట్టడుగు గ్రామ కార్యకర్త తన పై అధికారి ఎదుట నిర్భయంగా మాట్లాడగలగాలని, "ఈ పని మా ఊరిలో నడవలేదు" అని చెప్పగలగాలని ఆయన పట్టుబట్టినాడు. దీనికి ఆయన పెట్టిన పేరు అంతర్గత ప్రజాస్వామ్యీకరణ. పై అధికారి వద్ద చేతులు కట్టుకొని నిలబడిన మనిషి, ఊరికి వెళ్లి రైతు చేత తన ఎదుట చేతులు కట్టించుకొంటాడన్నది ఆయన భావన. శిక్షణను గురించి ఇంతకంటె సూటియైన పరిశీలన అరుదు. మన శిక్షణా తరగతులలో దీనిని ఎందుకో తగినంతగా చెప్పుకొనము.

1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో దేశవ్యాప్తంగా సమాజ వికాస పథకం ప్రారంభమైనప్పుడు ఎటావా నమూనాయే ఆధారమైనది. ప్రాజెక్టుకు సుమారు 300 గ్రామాలు. వాటిని మూడు బ్లాకులుగా, బ్లాకును సుమారు ఐదేసి గ్రామాల సముదాయాలుగా విభజించి, ఒక్కొక్క సముదాయానికి ఒక గ్రామసేవకుని నియమించినారు. తొలినాళ్లలో వారికి ఆరు నెలల శిక్షణ ఇచ్చినారు. అనంతరం ఆ కాలం పెరిగినది. ఉన్నతోద్యోగుల శిక్షణకు, పరిశోధనకు 1958లో ముస్సోరీలో ఏర్పడిన కేంద్ర సంస్థయే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, నేడు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థగా ఉన్నది.

పథకం విస్తరించినకొద్దీ గ్రామసేవకునిపై లక్ష్యాల భారం పెరిగినది. ఎన్ని ఎరువుల బస్తాలు, ఎన్ని బావులు, ఎన్ని సమావేశాలు అన్న లెక్కలు అడిగేవారే గాని, ఏమి నేర్చుకొన్నావని అడిగేవారు తగ్గిపోయినారు. ప్రజల భాగస్వామ్యం ఆశించినంతగా లభించలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా బృందం తేల్చినది. స్థానిక సంస్థలకు అధికారం ఇవ్వవలెనన్న సిఫారసుకు అదే దారితీసినది. ఎటావాలో నేర్చుకొనే కార్యకర్తగా ఉన్నవాడు పదేండ్లలో లెక్కలు పంపే ఉద్యోగిగా మారినాడనడం కఠినంగా వినిపించవచ్చును. కాని జరిగినది చాలావరకు అదే.

విద్యార్థి నుండి కార్యకర్తగా

యువజనులనే కార్యకర్తలుగా తీర్చిదిద్దే ప్రయత్నం 1969లో స్పష్టమైన రూపు దాల్చినది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన ఆ ఏడు సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైనది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండు సంవత్సరాలలో 240 గంటల సేవ, దానికి తోడు ఒక ప్రత్యేక శిబిరం దీని స్వరూపం. 1972 నవంబరు 14న ప్రారంభమైన నెహ్రూ యువక కేంద్రాలు చదువు మానిన గ్రామీణ యువతను ఉద్దేశించినవి. 1977-78లో వచ్చిన జాతీయ సేవా వాలంటీర్ల పథకం పట్టభద్రులను పూర్తికాల సేవకు ఆహ్వానించినది. ఆ పథకాన్ని మరొక పథకంతో కలిపి 2010-11లో నేషనల్ యూత్ కోర్ అనే జాతీయ యువ దళాన్ని ఏర్పరచినారు. పదవ తరగతి ఉత్తీర్ణులైన యువతీ యువకులను, బ్లాకుకు సాధారణంగా ఇద్దరిని, గరిష్ఠంగా రెండు సంవత్సరాల కాలానికి తీసుకొన్నారు. గౌరవవేతనం తొలుత నెలకు 2,500 రూపాయలు. తరువాత అది 5,000 రూపాయలైనది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు ఒక సంగతి తేటపడుతుంది. 1952లో గ్రామసేవకునికి ఐదు గ్రామాలు. అరవై గ్రామాలున్న బ్లాకులో ఇద్దరు వాలంటీర్లు ఉన్నచో ఒక్కొక్కరికి ముప్పై గ్రామాలు. ముప్పై గ్రామాలలో సంఘాలను ఏర్పరచవచ్చును, రిజిస్టర్లు తెరువవచ్చును, జయంతులు జరుపవచ్చును. కాని ఒక గ్రామంలో ఎవరు ఎవరి ఇంటికి వెళ్లరో తెలుసుకోవడానికే నెలలు పడుతుంది. పైగా 5,000 రూపాయలను రోజులకు పంచినచో 167 రూపాయలు కూడా పూర్తిగా రావు. అందులోనే బస్సు చార్జీలు, భోజనం. శిక్షణ పేరుతో యువకుని శ్రమను చవకగా వాడుకొంటున్నారన్న విమర్శ ఇట్టి పథకాలన్నిటిపైనా ఉన్నది. అది పూర్తిగా అన్యాయమైన విమర్శ కాదు. పని చేయించుకొని, దానికి బదులుగా నేర్పు ఇచ్చినచో అది శిక్షణ. నేర్పు ఇవ్వనప్పుడు మిగిలేది తక్కువ కూలి మాత్రమే.

పొరుగు దేశమైన నేపాల్ అనుభవం కూడా ఇక్కడ చెప్పదగినది. 1970వ దశకంలో త్రిభువన్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యార్థులు తమ చదువులో భాగంగా కొన్ని నెలలపాటు మారుమూల గ్రామాలలో నివసించి, బడిలో పాఠాలు చెబుతూ గ్రామాభివృద్ధి పనులలో పాల్గొనవలెనన్న జాతీయాభివృద్ధి సేవను అమలుపరచినారు. ఖాట్మండు దాటి ఎరుగని ఎందరో యువతీ యువకులు తమ దేశాన్ని మొదటిసారి చూచినది అప్పుడే. పార్టీలకు తావులేని పంచాయతీ వ్యవస్థ నడుస్తున్న రోజులవి. చదువుకొన్న యువత ఊళ్లలో ప్రజలతో కలిసి జీవించడమంటే ప్రశ్నలు కూడా పుట్టుకురావడమే. ఆ దశకం ముగిసేనాటికి పథకం నిలిచిపోయినది.

దినచర్య పుస్తకం

పని నేర్పుగా మారే ప్రక్రియ ఎట్లుంటుందో వివరంగా చూడవలసిన అవసరమున్నది. దీనికి ఉపకరించే ఉదాహరణ మన దేశపుది కాదు. బ్రిటన్‌లో యువజన సేవ 1960 నాటి ఆల్బెమార్ల్ నివేదిక అనంతరం వేగంగా విస్తరించినది. కార్యకర్తల కొరత తీర్చడానికి 1961లో లెస్టర్ నగరంలో ఒక్క సంవత్సరపు శిక్షణతో జాతీయ కళాశాలను తెరిచినారు. అది 1970 వరకు నడిచినది. అదే దశకంలో లండన్‌లో యువతుల క్రైస్తవ సంఘం ఒక భిన్నమైన ప్రయోగం చేసినది. ఏ క్లబ్బుకూ రాని యువకుల కోసం వీధిలో ఒక కాఫీ బండి పెట్టినారు. కార్యకర్తలు కాఫీ అమ్ముతూ, వచ్చినవారితో మెల్లగా మాట కలిపినారు. ప్రతిదినం పని ముగిసిన తరువాత జరిగినది వ్రాసుకొన్నారు. ఆ వ్రాతలను ఒక అనుభవజ్ఞుని ఎదుట పెట్టి చర్చించినారు. జార్జ్ గొట్‌షియస్, జోన్ టాష్ అనే ఇద్దరు 1967లో ప్రచురించిన గ్రంథానికి ఈ ప్రయోగమే ఆధారం. అదే సంవత్సరం టాష్ యువజన సేవలో పర్యవేక్షణను గురించి ప్రత్యేకంగా మరొక గ్రంథం వెలువరించినది.

ఇక్కడ పర్యవేక్షణ అనగా తనిఖీ అని అర్థం కాదు. మన కార్యాలయ పరిభాషలో ఆ మాట వినగానే జీపు దిగి రిజిస్టరు అడిగే అధికారి కనిపిస్తాడు. తనిఖీలో ప్రశ్న "ఎన్ని చేసినావు?" అని. పర్యవేక్షణలో ప్రశ్న "ఏమి జరిగినది? అప్పుడు నీవేమి చేసినావు? వారు ఎట్లు స్పందించినారు? నీకు ఏమనిపించినది?" అని. చివరి ప్రశ్నకు సిగ్గుపడకుండా సమాధానం చెప్పడం నేర్చుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. మాల మాదిగ వాడలకు తాను ఎందుకు తక్కువగా వెళుతున్నాడో ఒక కార్యకర్తకు ఈ ప్రశ్న ద్వారానే తెలిసిరావచ్చును. తీరిక లేక వెళ్లలేదని నివేదికలో వ్రాసి ఉంటాడు. దినచర్య పుస్తకం మాత్రం తేదీలతో సహా మరొక సంగతి చెబుతుంది.

ఆ పుస్తకంలో వ్రాయవలసినది కార్యక్రమాల జాబితా కాదు. అరుగు మీద సమావేశం విఫలమైన కార్యకర్త రెండవసారి సమావేశాన్ని పాఠశాల ఆవరణలో, రాత్రి ఎనిమిది గంటలకు పెట్టినాడనుకుందాం. కూలి యువకులు వచ్చినారు, ఆడపిల్లలు రాలేదు. మూడవసారి ఒక మహిళా కార్యకర్తను తోడు తీసుకొని, ఆదివారం మధ్యాహ్నం అంగన్‌వాడీ కేంద్రంలో బాలికలకు వేరుగా పెట్టినాడు. తొమ్మిది మంది వచ్చినారు, ఇద్దరు తల్లులు కూడా వచ్చి వెనుక కూర్చున్నారు. తల్లులు వచ్చినందువల్ల బాలికలు మాట్లాడలేదని విసుగుతో వ్రాసుకొన్నాడు. పర్యవేక్షకుడు ఆ వాక్యం కింద గీత గీసి, "ఆ తల్లులు వచ్చినందువల్లనే బాలికలు రాగలిగినారేమో?" అని అడిగినాడు. ఇట్టి ఒక్క ప్రశ్న పదిహేను రోజుల ఉపన్యాసాలకు సాటి. వారానికి ఒక గంట, కనీసం పక్షానికి ఒక గంట చాలును. దీనికి భవనాలు అక్కరలేదు. ఓపిక గల మనిషి కావలెను. దొరకనిది కూడా అదే.

లెక్కలు వ్రాయడం, వోచర్లు భద్రపరచడం, సంఘాన్ని రిజిస్టరు చేయించడం వంటివి సులువుగానే పట్టుబడతాయి. ఒక సీనియర్ గుమాస్తా రెండు రోజులలో నేర్పగలడు.

రహస్యం చెప్పిన పిల్ల

పనిలో నేర్చుకొనడానికి వీలులేని విషయాలు కొన్ని ఉన్నవి. వడ్రంగి వద్ద పని నేర్చుకొనే కుర్రవాడు పొరపాటు చేసినచో ఒక చెక్క పాడవుతుంది. యువజన కార్యకర్త పొరపాటు చేసినచో ఒక పిల్ల బ్రతుకు పాడుకావచ్చును. కావున ఊరిలో అడుగు పెట్టకముందే అతనికి కొన్ని సంగతులు ఖచ్చితంగా తెలిసి ఉండవలెను.

పదహారేండ్ల బాలిక ఒకతె సమావేశం ముగిసిన తరువాత వెనుక నిలిచి, "ఎవరికీ చెప్పనంటే ఒక మాట చెబుతాను" అన్నదనుకుందాం. కొత్త కార్యకర్త సంతోషిస్తాడు. తనపై నమ్మకం కలిగినదనుకొని వెంటనే మాట ఇస్తాడు. ఆ మాట ఇవ్వకూడదు. లైంగిక నేరాల నుండి బాలలకు రక్షణ కల్పించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పద్దెనిమిదేండ్లలోపు వారిపై అట్టి నేరం జరిగినదని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలుపవలసి ఉన్నది. తెలుపకపోవడం ఆరు నెలల వరకు జైలుశిక్షకు తగిన నేరం. "నీకు సాయపడగలవారికి తప్ప మరెవరికీ చెప్పను" అన్నది మాత్రమే అతడు నిజాయితీగా ఇవ్వగల మాట. ఈ రెండు వాగ్దానాల మధ్య భేదాన్ని శిక్షణలో పదిసార్లు నటించి చూపించి, పలికించి నేర్పవలెను. ఊరిలో ప్రయోగం చేసి నేర్చుకొనదగినది కాదిది.

బాల్యవివాహాల విషయం కూడా ఇట్టిదే. 2006 నాటి చట్టం ప్రకారం వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండవలెను. ఎక్కడికి సమాచారమివ్వవలెనో, నిషేధాధికారి ఎవరో, 1098 నంబరుకు ఎట్లు ఫోను చేయవలెనో తరగతిలో చెప్పవచ్చును. కాని పెండ్లి ఆగిన మరునాడు ఆ ఇంటి ముందుగా నడిచిపోవడం ఎట్లో ఎవరు చెప్పగలరు? ఆ తండ్రి ముఖం తిప్పుకొంటాడు. అప్పులు చేసి తెచ్చిన సరుకులు వసారాలో పడి ఉంటాయి. ఆ బాలికను మరల బడికి పంపించే ప్రయత్నం చేయకుండా, పెండ్లి ఆపిన సంఖ్యను మాత్రం నివేదికలో చూపించిన కార్యకర్తకు ఆ ఊరిలో మరల తలుపు తెరుచుకొనదు. చట్టం తరగతిలో నేర్చుకొనదగినది. ఆ వీధిలో మరల నడవడం మాత్రం పనిలోనే, అదికూడా ఒక పెద్ద తోడుండగా, నేర్చుకొనవలసినది.

కాలపరిమితి

వృత్తిగా యువజన సేవకు గుర్తింపు తేవడానికి ప్రయత్నాలు జరుగకపోలేదు. కామన్‌వెల్త్ యువజన కార్యక్రమం తన ఆసియా కేంద్రాన్ని చండీగఢ్‌లో నడిపినది. పనిలో ఉన్నవారు ఆ పని మానకుండానే దూరవిద్య ద్వారా చదువదగిన డిప్లొమా ఒకటి ఆ కార్యక్రమం ద్వారా ఆసియా, ఆఫ్రికా దేశాలకు అందినది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 1993లో స్థాపితమైన రాజీవ్ గాంధీ జాతీయ యువజనాభివృద్ధి సంస్థ 2012 నాటి పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్యం గల సంస్థ అయినది. 2023 అక్టోబరు 31న మేరా యువ భారత్ అనే స్వయంప్రతిపత్తి గల సంస్థ ఏర్పడి, యువత తమ పేర్లు తామే నమోదు చేసుకొని సేవావకాశాలను వెదుకుకొనే ఏర్పాటు వచ్చినది. నమోదు సులభమైనది. నమోదైనవారి పక్కన కూర్చుండి దినచర్య చదివేవారి సంఖ్య దానితోపాటు పెరుగవలసి ఉన్నది.

రెండేండ్ల గడువు గల పథకాలలో మరొక చిక్కు ఉన్నది. మొదటి ఆరునెలలు ఊరిని తెలుసుకొనడంలో గడుస్తాయి. చివరి ఆరు నెలలు తరువాతి ఉద్యోగం వెదుకుకొనడంలో, పోటీ పరీక్షల చదువులో గడుస్తాయి. దానికి యువకుని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఇల్లు గడవవలె గదా. నడుమ మిగిలిన పన్నెండు మాసాలలో అతడు సంపాదించిన ఊరి పరిజ్ఞానం అతనితోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. తరువాత వచ్చినవాడు మరల రామాలయం అరుగు మీద, మరల ఆరు గంటలకే సమావేశం పెడతాడు.

దీనికి కొందరు అనుభవజ్ఞులైన సమన్వయకర్తలు పాటించే పద్ధతి సులభమైనది. వెళ్లేవాని చివరి నెలలోనే కొత్తవానిని రప్పించి, ఇద్దరినీ వారం రోజులు కలిపి తిప్పుతారు. పాతవాడు కొత్తవానిని ఇంటింటికీ తీసుకొనిపోయి, "వీడు నా తమ్ముని వంటివాడు, రేపటినుండి మన ఊరికి వస్తాడు" అని చెబుతాడు. దినచర్య పుస్తకాలలో ఇతరుల రహస్యాలున్న పుటలను పర్యవేక్షకుని వద్ద దాచివేసి, మిగిలినవి కొత్తవానికి ఇస్తారు. ఆ వారం రోజులకు ఇద్దరి గౌరవవేతనం ఏ పద్దు కింద చెల్లించవలెనన్న ప్రశ్నను జిల్లా కార్యాలయంలో గుమాస్తా ఒకరు తప్పక లేవనెత్తుతారు. దానికి ముందుగానే ఒక పద్దు ఏర్పరచి ఉంచడం మంచిది.